విమానం మనది, ఇంజిను ఎవరిది? – స్వదేశీ ఆయుధాల మీద మన రెండు జిల్లాల వారి చర్చ

గంటస్తంభం (విజయనగరం)

వాయుసేన పాత యుద్ధవిమానం మిగ్-21కు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. సరిగ్గా దానికి ముందు రోజే మన దేశంలో గీసిన యుద్ధవిమానం తేజస్‌లో మార్క్-1ఏ రకానివి 97 కొనడానికి 62,370 కోట్ల రూపాయల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పత్రికలు రెండు వార్తలనూ పక్కపక్కన వేసి పండగ చేసుకున్నాయి. నాకు మాత్రం మూడో లెక్క ఒకటి గుచ్చుకుంటోంది. 2021 ఫిబ్రవరిలో ఆర్డరు చేసిన 83 మార్క్-1ఏ విమానాల్లో ఆ రోజుకు వాయుసేన చేతికి వచ్చినవి సున్నా. 42 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు) ఉండవలసిన చోట మిగ్‌లు వెళ్లిపోయాక మిగిలినవి 29.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పల్లెకు వెళ్లినా సెలవు మీద వచ్చిన జవాను ఒకరు ఎదురవుతారు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచీ అధికారులను తయారు చేస్తూనే ఉంది. మనుషులను ఇంతగా ఇచ్చిన ప్రాంతానికి, ఆ మనుషుల చేతిలో ఏం పెడుతున్నారో అడిగే హక్కు ఉంది కదా? ‘స్వదేశీ’ అన్న ముద్రలో ఎంత గట్టిదనం ఉంది? నినాదాలు వద్దు. తెలిసినవారు తెలిసింది చెప్పండి.

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

తేజస్‌లో ఇంజిను అమెరికాది, ప్రమాదంలో పైలట్‌ను బయటకు విసిరే ఎజెక్షన్ సీటు బ్రిటన్‌ది, మార్క్-1ఏ తొలి విమానాలకు రాడారు ఇజ్రాయెల్‌ది. ఇల్లు మనదే, తాళం చెవి మాత్రం పక్కింట్లో. దానికి ఎఫ్-404 ఇంజిన్లు 99 కావాలని 2021లోనే అమెరికా సంస్థకు ఆర్డరిచ్చాం. కొత్త ఆర్డరులో మొదటి ఇంజిను 2025 మార్చిలో వచ్చింది.

ఇప్పుడు రఫేల్ చూడండి. 2016లో ఒప్పందం, 2020 జులైలో అయిదు విమానాలు అంబాలాలో దిగాయి. డబ్బిచ్చాం, సరుకొచ్చింది. తేజస్ కార్యక్రమం 1983లో మొదలైంది. తొలిసారి గాల్లోకి లేచింది 2001 జనవరి 4న. స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. ముప్ఫై మూడేళ్లు! పైలట్ ప్రాణం మీదకు వచ్చినప్పుడు మన ఆలస్యం కంటే పరాయి సరుకే మేలని నా లెక్క. తిట్టేవారు తిట్టండి, కాకపోతే లెక్కతో తిట్టండి.

హవల్దారు_సోంపేట

తిట్టను. నేను ఫిరంగి దళంలో పనిచేసి వచ్చాను. కాబట్టి విమానం సంగతి వదిలి ఫిరంగి సంగతి చెబుతాను.

బోఫోర్స్ మంచి తుపాకి. కార్గిల్‌లో కొండ మీది బంకర్లను నేరుగా గురిపెట్టి కొట్టింది అదే. 1986లో 410 కొన్నాం. ముడుపుల గొడవ వచ్చింది, ఆ కంపెనీతో వ్యవహారం తెగిపోయింది, విడిభాగాలకు కటకట మొదలైంది. తమాషా ఏమిటంటే ఒప్పందంలో భాగంగా తయారీ డ్రాయింగులు కూడా మన చేతికి వచ్చాయి. అవి ఏళ్ల తరబడి బీరువాల్లోనే ఉన్నాయి. పాతికేళ్ల తర్వాత ఆ కాగితాల దుమ్ము దులిపి జబల్‌పూర్‌లో చేసినదే ధనుష్. గొట్టం పొడవు లెక్కలో పాతది 39 క్యాలిబర్, ఇది 45. దూరం పెరిగింది.

పద్దుల_పుస్తకం గారు ‘డబ్బిచ్చాం, సరుకొచ్చింది’ అన్నారు. శాంతి కాలంలో వస్తుంది. కార్గిల్ సమయంలో అత్యవసరంగా కొన్న సామగ్రిలో చాలా భాగం యుద్ధం ముగిశాకే చేరిందని కాగ్ నివేదిక రాసింది. ‘ఉన్నవాటితోనే పోరాడతాం’ అని అప్పటి సైన్యాధిపతి జనరల్ మాలిక్ అన్నమాట దేశమంతా విన్నది. వినడానికి ఆ మాట వీరంగా ఉంటుంది. ఆ ‘ఉన్నవి’ ఎన్నో లెక్కపెట్టుకునే వాడికి అంత వీరంగా ఉండదు.

అలాగని మనవన్నీ బంగారం అనడం లేదు. ఇన్సాస్ రైఫిలు మన నమూనానే. చలికి దాని మ్యాగజైను పగిలిన సంగతి కార్గిల్ నాటి నుంచీ అందరూ చెప్పుకుంటున్నదే. చివరకు 2019లో అమెరికా నుంచి సిగ్-716 రైఫిళ్లు 72,400 కొన్నారు. అమేఠీ దగ్గర కోర్వాలో రష్యా నమూనా ఏకే-203 చేస్తున్నారు. అణు జలాంతర్గామి కట్టుకున్న దేశం కాల్బలానికి రైఫిలు కోసం పొరుగు గడప తొక్కింది. దీనికి నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు.

కోట_గుమ్మం (విజయనగరం)

హవల్దారు గారూ, తుపాకి అరువు తెచ్చుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. చరిత్ర పాఠాలు చెప్పుకునే వాడిని, కాస్త ఓపిక పట్టండి.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. తాండ్ర పాపారాయుడి శౌర్యం అందరికీ తెలుసు. కోట గోడను పడగొట్టినవి మాత్రం ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆ ఫిరంగులను తనకు అనుకూలంగా తిప్పుకున్నాడు, కొద్ది రోజులకే ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డు సేన ఫ్రెంచివారిని ఓడించింది. అప్పటికి బాగానే ఉంది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కంపెనీ సేన చేతిలో చిన విజయరామరాజు కూలిపోయాడు. పిలిచి తెచ్చుకున్న తుపాకి ముప్ఫై ఆరేళ్లకు ఇటు తిరిగింది.

ఆ రోజుల్లో ఈ గడ్డ మీద ఇనుము కరిగించేవారు లేకపోలేదు, కత్తి చేసేవారు లేకపోలేదు. కోట గోడను పగలగొట్టే ఫిరంగీ, దాన్ని వరుస తప్పకుండా పేల్చే శిక్షణా మాత్రం ఊళ్లో దొరకలేదు. ఇప్పుడు ఇంజిను దగ్గర ఆగిపోయామని మీరంటుంటే నాకు అదే గుర్తొస్తోంది.

లేతు_బొబ్బిలి

మాస్టారు చరిత్రలో బొబ్బిలిని తెచ్చారు కాబట్టి నేను ఇప్పటి బొబ్బిలి సంగతి చెబుతాను. ఇక్కడి పారిశ్రామికవాడ గ్రోత్ సెంటరులో నాకు చిన్న మెషిన్ షాపు. రెండు సీఎన్‌సీలు (కంప్యూటరు నడిపే యంత్రాలు), పాత లేతులు, ఒక మిల్లింగు. రక్షణ రంగానికి చిన్న ముక్కలు చేసిచ్చే సంస్థలకు కింద నుంచి పని చేస్తాను. నా ముక్క ఏ ఆయుధంలో కూర్చుంటుందో నాకు చెప్పరు. చెప్పకూడదు కూడా.

పని చేయలేక కాదు. కొలతలో తేడా ఇరవై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు, దాటకుండా మా కుర్రాళ్లు పట్టుకుంటారు. దాన్నే టాలరెన్సు అంటాం. కష్టం అంతా ఆర్డరు దగ్గరే. ఒక పెద్ద సంస్థ, పేరు వద్దు, ఒక భాగాన్ని దిగుమతి మానేసి ఇక్కడే చేయించాలనుకుంది. డ్రాయింగు వచ్చింది. ముక్కను పట్టి ఉంచే జిగ్గులు, కొలిచే గేజీలు సొంత ఖర్చుతో చేయించుకున్నాను. ముక్కలు తనిఖీలో నెగ్గాయి. చిన్న బ్యాచ్‌కు ఆర్డరు వచ్చింది, ఆ తరువాత పలుకు లేదు. రెండో ఆర్డరు వచ్చేసరికి మళ్లీ టెండరు, మళ్లీ ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర రాసినవాడికే పని. జిగ్గు ఖర్చు పెట్టనివాడు నా కంటే తక్కువ రాస్తాడు కదా! బిల్లు సంగతి ఎత్తితే ఈ పేజీ చాలదు.

తక్కువ ధర దగ్గరే మోసానికీ దారి ఉంది. ధనుష్ తుపాకికి ‘జర్మనీ తయారీ’ అని చైనా బేరింగులు అంటగట్టారని 2017లో సీబీఐ కేసు పెట్టింది, గుర్తుందా? బేరింగు మీద జర్మనీ పేరు చెక్కడానికి ఎంతసేపు పడుతుంది? మా షాపులో ఉక్కు కడ్డీ దిగితే అది ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరు, పరీక్ష పత్రం, అన్నీ కలిపి ఫైలులో పెట్టాలి. ఆ ఫైలు ముక్క కంటే బరువుగా ఉంటుందని మా వాళ్లు నవ్వుతారు. ఆ బరువు ఎందుకో ధనుష్ కేసు చూసినవారికి అర్థమవుతుంది.

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

బిల్లు సంగతి ఒక పేజీ చాలకపోయినా చెప్పండి. చిన్న సంస్థకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది. ఫిర్యాదుకు సమాధాన్ పోర్టల్ ఉంది.

లేతు_బొబ్బిలి

ఉంది. ఫిర్యాదు చేస్తే ఆ బిల్లు వస్తుంది. తరువాతి ఆర్డరు?

తీరం_వెంట (భోగాపురం)

విశాఖలో ఓడల పనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విమానాశ్రయం పక్కన కొబ్బరి మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నాను. అందరూ వాయుసేన చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి నౌకాదళం సంగతి నేను ఎత్తాలి.

ముందుగా ఒక విషయం. ‘76 శాతం స్వదేశీ’, ‘75 శాతం స్వదేశీ’ అన్న అంకెలు ఎక్కువగా ఖర్చును బట్టి కట్టేవి. ఓడలో ఉక్కు, కేబుళ్లు, పైపులు, వేలాది మంది కూలి, ఇవన్నీ కలిస్తే అంకె ఇట్టే పెరుగుతుంది. నౌకాదళం తన లెక్కను మరోలా చెబుతుంది. తేలడానికి కావలసినవి, కదలడానికి కావలసినవి, పోరాడడానికి కావలసినవి అని మూడు వాటాలు. తేలడంలో మనం తొంభై శాతం దాటాం. కదలడంలో అరవై ప్రాంతంలో, పోరాడడంలో యాభై ప్రాంతంలో ఉన్నామని వారే చెబుతూ వచ్చారు. ఇది నిజాయితీ ఉన్న లెక్క. వాయుసేన, సైన్యం కూడా ఇలా విడగొట్టి చెబితే గంటస్తంభం గారి ప్రశ్నకు సగం జవాబు దొరికేది.

2025 ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి ఒకే రోజు నౌకాదళంలో చేరాయి. ఒకటి ముంబైలో కట్టినది, మరొకటి కోల్‌కతాలో. ఉదయగిరి నౌకాదళం సొంత నమూనా విభాగం గీసిన నూరవ ఓడ. అయినా వాటిలో గ్యాస్ టర్బైన్లు అమెరికా నమూనావి, డీజిళ్లు జర్మనీ సంస్థ నమూనావి. అంతకు ముందు తరం ఓడల్లో చాలావాటికి టర్బైన్లు ఉక్రెయిన్ నుంచి వచ్చేవి. 2022లో ఆ దేశం మీద యుద్ధం పడింది. రష్యాలో కట్టించుకున్న ఓడలకూ అంతే: ఓడ రష్యాది, టర్బైను ఉక్రెయిన్‌ది, కొనేది మనం! ఇంతకంటే ఇరకాటం ఉంటుందా?

మంచి మాట కూడా చెప్పాలి. విమానవాహక నౌక విక్రాంత్ కట్టాలనుకున్నప్పుడు యుద్ధనౌకకు తగిన ఉక్కు బయటి నుంచి దొరకలేదు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఆ ఉక్కు కూర్పు తయారు చేసింది, డీఎంఆర్-249 అంటారు. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కర్మాగారాలు దాన్ని వేల టన్నుల్లో పోతపోశాయి. ఓడ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది. ఆలస్యమైంది, నిజమే. కానీ ఆ ఉక్కు ఆ ఒక్క ఓడతో ఆగలేదు. తరువాత కట్టిన యుద్ధనౌకలన్నిటికీ అదే జాతి ఉక్కు. ఒక్కసారి పట్టుబడిన విద్య ఎన్ని ఓడలకు పనికొస్తుందో పద్దుల పుస్తకంలో రాయడానికి గడి ఉందా?

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

గడి లేదు, నిజమే. కానీ ఆలస్యానికి కూడా గడి లేదు. త్రిశూల్ క్షిపణి గుర్తుందా? 1983లో కలాం గారి నాయకత్వంలో మొదలైన అయిదు క్షిపణుల కార్యక్రమంలో అదొకటి. 2008లో మూసేశారు. ఈలోగా నౌకాదళం ఇజ్రాయెల్ క్షిపణి బరాక్‌ను కొనుక్కుంది.

తీరం_వెంట (భోగాపురం)

అదే కార్యక్రమంలో పుట్టిన ఆకాశ్‌ను ఎందుకు వదిలేశారు? సైన్యంలో చేరేసరికి 2015 అయింది, ముప్ఫై రెండేళ్లు పట్టింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాటికి గగనతల రక్షణలో నిలబడింది. ఆర్మేనియా కొనుక్కుంది. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ తయారు చేసిన వరుణాస్త్ర టార్పెడో 2016లో నౌకాదళానికి అందింది. దాదాపు ఒకటిన్నర టన్ను బరువు. దాన్ని విశాఖలోనే ప్రభుత్వ సంస్థ బీడీఎల్ ఉత్పత్తి చేస్తోంది. అయిదింట్లో ఒకటి పోయిందని మిగతావాటిని కొట్టేయకండి.

అన్నట్టు, మన జిల్లా పాత్ర ఏమీ లేదనుకునేవారికి ఒకటి. పూసపాటిరేగ మండలం కందివలసలో హెచ్‌బీఎల్ కర్మాగారం దాటి రోజూ ఎంతో మంది శ్రీకాకుళం బస్సులో వెళుతుంటారు. విమానాలకు, టార్పెడోలకు, జలాంతర్గాములకు బ్యాటరీలు చేసే సంస్థ అది.

రాజాం_కుర్రాడు

నేను మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. పెద్దలందరికీ ఒకే ప్రశ్న. చంద్రుడి మీద దిగాం, అణు జలాంతర్గామి నడుపుతున్నాం. మరి జెట్ ఇంజిను ఎందుకు కుదరడం లేదు? రాకెట్ కంటే కష్టమా?

కళింగపట్నం_కెరటం (శ్రీకాకుళం)

బాబూ, నువ్వు అడిగినది ఈ చర్చ మొత్తానికి కీలకం, కాబట్టి కొంచెం పొడవుగా చెబుతాను. రసాయనశాస్త్రం బోధిస్తాను, లోహాల సంగతి కొంత తెలుసు.

రాకెట్ ఇంజిను నిమిషాల్లో పని ముగిస్తుంది, మళ్లీ దాని అవసరం ఉండదు. యుద్ధవిమానం ఇంజిను వేల గంటలు మండాలి, చల్లారాలి, మళ్లీ మండాలి. టర్బైను బ్లేడు మీదకు వచ్చే వాయువు వేడి ఆ బ్లేడు లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. మరి బ్లేడు కరగకుండా ఎలా నిలుస్తుంది? లోపల సన్నని దారుల్లో గాలి పంపి చల్లబరుస్తారు, పైన సిరామిక్ పూత వేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, నికెల్ మిశ్రలోహాన్ని ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. మామూలు లోహంలో రేణువుల మధ్య సరిహద్దులు ఉంటాయి. ఎర్రగా కాలుతూ వేగంగా తిరిగేటప్పుడు ఆ సరిహద్దుల దగ్గరే లోహం సాగి తెగుతుంది. ఒకే స్ఫటికమైతే సరిహద్దే ఉండదు. డీఎంఆర్‌ఎల్ ఈ విద్యను సాధించి 2021లో హెలికాప్టర్ ఇంజిను కోసం విమానాలు తయారు చేసే ప్రభుత్వ సంస్థ హాల్ (హెచ్‌ఏఎల్)కు బ్లేడ్లు ఇచ్చింది. కాబట్టి సున్నా దగ్గర లేము. హెలికాప్టర్ నుంచి యుద్ధవిమానానికి మాత్రం ఇంకా దూరం ఉంది.

బెంగళూరులోని ఇంజిన్ల పరిశోధనశాల జీటీఆర్‌ఈ ఎనభైల్లోనే తేజస్ కోసం కావేరి ఇంజిను మొదలుపెట్టింది. అనుకున్నంత తోపుడు రాలేదు, బరువు పెరిగింది. 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. ఎగిరే పరీక్షాపీఠం, అంటే ఇంజినును తగిలించి గాల్లో పరీక్షించే విమానం, మన దేశంలో లేక రష్యాకు తీసుకెళ్లి పరీక్షించుకోవలసి వచ్చింది. పరీక్షా సదుపాయం కట్టకుండా ఇంజిను కట్టమన్నారు. ప్రయోగశాల లేని కళాశాలలో ప్రాక్టికల్ మార్కులు అడిగితే మా విద్యార్థులు ఊరుకుంటారా?

ఇది మొదటిసారి కూడా కాదు. 1961 జూన్ 17న హెచ్‌ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానం తొలిసారి ఎగిరింది. జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరులో గీసిన విమానం. ధ్వని వేగాన్ని మించాలని గీశారు. తగిన ఇంజిను దొరకక ఆర్ఫియస్ అనే చిన్న ఇంజినుతో సరిపెట్టారు, ఆ వేగం ఎన్నడూ రాలేదు. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు బాగా పనిచేసింది. 147 చేసి ఆపేశారు. అక్కడితో ఊరుకోకుండా, అప్పుడే ఇంజిను పని పట్టుకుని వదలకుండా ఉంటే తేజస్ కథ వేరుగా ఉండేది. మారుత్ గీసిన తరం రిటైరయ్యాక కానీ తేజస్ గీసే తరం రాలేదు. మధ్యలో విద్య చేతులు మారలేదు. మన అసలు నష్టం అక్కడ జరిగిందని నా అభిప్రాయం.

లేతు_బొబ్బిలి

మేడమ్ గారు చెప్పినదీ, నేను చెప్పినదీ ఒకటే. ఆర్డరు ఆగితే మొదట వెళ్లిపోయేది మంచి పనివాడు. యంత్రాన్ని గోనె కప్పి ఉంచుకోవచ్చు. వాడు మాత్రం పరవాడకో, హైదరాబాదుకో బస్సెక్కుతాడు.

కళింగపట్నం_కెరటం (శ్రీకాకుళం)

మన తీరం సంగతి కూడా చెప్పాలి. భావనపాడు నుంచి కళింగపట్నం దాకా మన ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్, జిర్కాన్, మోనజైటు ఉన్నాయి. ఇల్మెనైటు నుంచి టైటానియం వస్తుంది. విమానానికి, క్షిపణికి, జలాంతర్గామికి అది కావాలి. కానీ ఇల్మెనైటును అలాగే అమ్మేయడం వేరు, దాని నుంచి టైటానియం స్పాంజి (ముడి టైటానియం లోహం) చేయడం వేరు. రెండోది మన దేశంలో కేరళలోని చవరలో మాత్రం ఉంది. దాని సామర్థ్యం ఏడాదికి 500 టన్నులు.

మోనజైటులో అరుదైన మూలకాలున్నాయి. వాటితో చేసే అయస్కాంతం లేకుండా క్షిపణి రెక్క కదలదు, డ్రోను మోటారు తిరగదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ప్రపంచమంతా తడబడింది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం పెట్టింది, ఏడాదికి మూడు వేల కిలోలు. మొదలు మంచిదే, అవసరం ముందు చిన్నది.

అయితే ఇసుక తవ్వకం అనగానే గార, సంతబొమ్మాళి వైపు మత్స్యకారుల ముఖాలు మారిపోతాయి. వారి భయం ఉత్త భయం కాదు. మోనజైటులో థోరియం ఉంటుంది, దిబ్బలు పోతే తుపానుకు అడ్డు ఉండదు. దేశ రక్షణ పేరు చెప్పి వారి మాట తోసేస్తే నేను ఒప్పుకోను. ఇసుక మాత్రం ఇక్కడ, దాని మీద పుట్టే ఉద్యోగాలన్నీ ఎక్కడో అన్న పద్ధతి మారితే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

గంటస్తంభం (విజయనగరం)

చర్చ నేననుకున్న దానికంటే లోతుకు వెళ్లింది, సంతోషం. పద్దుల_పుస్తకం గారూ, దిగుమతి మంచిదంటారు సరే. దాని అసలు ఖరీదు ఎవరైనా కట్టారా? సుఖోయ్-30కి బ్రహ్మోస్ తగిలించాలంటే రష్యావారు అడిగిన ధర, గడువు భరించలేక నాసిక్‌లో హాల్ తానే ఆ పని చేసుకుందని అప్పట్లో రాశారు. 2017 నవంబరులో తొలిసారి ఆ విమానం నుంచి పేల్చారు. కొన్న విమానం మీద మన క్షిపణి పెట్టుకోవడానికి కూడా అమ్మినవాడి అనుమతి కావాలంటే, అది కొన్నట్టా, అద్దెకు తెచ్చుకున్నట్టా?

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

మంచి ప్రశ్న. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత తేజస్ నియంత్రణ వ్యవస్థ మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేశారు కూడా. తర్వాత ఆ సాఫ్ట్‌వేరును మనవాళ్లే పూర్తి చేశారు. ఇది నా వాదనకు వ్యతిరేకం, అయినా లెక్కలో రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇంకొన్ని అంకెలు. రక్షణ ఉత్పత్తి 2024-25లో 1,50,590 కోట్లు. ఎగుమతులు 23,622 కోట్లు, 2013-14లో అవి 686 కోట్లు. ఫిలిప్పీన్స్ బ్రహ్మోస్‌లు కొనుక్కుంది. దిగుమతి చేయకూడని వస్తువుల జాబితాలు 2020 నుంచి అయిదు వచ్చాయి, అన్నీ కలిపి 509 వస్తువులు. ఇవి చూసి మురిసేవారు ఇది కూడా చూడండి: 2020-24 మధ్య ప్రపంచంలో ఆయుధాలు ఎక్కువగా దిగుమతి చేసుకున్న దేశాల్లో ఉక్రెయిన్ తర్వాత మనమే అని స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క తేల్చింది. రష్యా వాటా మునుపటి కంటే తగ్గింది, ఫ్రాన్స్ వాటా పెరిగింది. తలుపు మారింది, తట్టడం మానలేదు.

నా అభ్యంతరం స్వదేశీ మీద కాదు, గడువుకు జవాబుదారీ లేకపోవడం మీద. 2025 మేలో వాయుసేనాధిపతి ఏ.పి.సింగ్ గారే ఒక సభలో, అనుకున్న సమయానికి పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటి కూడా తనకు గుర్తు రావడం లేదన్న అర్థంలో మాట్లాడారు. వాడే మనిషి నోటి వెంట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

హవల్దారు_సోంపేట

వాడే మనిషి అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఆలస్యానికి తయారు చేసేవాడు ఒక్కడే కారణం కాదు. మా సైన్యం వైపు కూడా తప్పుంది. అర్జున్ ట్యాంకు 1974లో మొదలైంది. మధ్యలో మావాళ్లు కోరికలు మార్చుకుంటూ పోయారు. చివరికి బరువు ఎక్కువన్నారు, మొదట తీసుకున్నవి 124. 2021లో మార్క్-1ఏ 118కి ఆర్డరు ఇచ్చారు. ఆ మాత్రం సంఖ్యకు ఏ కర్మాగారం నిలకడగా నడుస్తుంది? అందులోనూ ఇంజిను జర్మనీది, మేడమ్ గారికి మరో ఉదాహరణ.

దీనికి ఎదురుగా ఏటాగ్స్ తుపాకి చూడండి. 2013లో మొదలైంది. పుణెలోని ప్రయోగశాల నమూనా, రెండు ప్రైవేటు సంస్థల తయారీ. 2020లో పోఖ్రాన్‌లో పరీక్షిస్తుండగా బ్యారెల్ పేలి నలుగురు గాయపడ్డారు. పనిని ఆపేయలేదు, లోపం వెతికి మళ్లీ పేల్చారు. 48 కిలోమీటర్లు కొడుతుంది. 2025 మార్చిలో 307కి ఆర్డరు వచ్చింది. పన్నెండేళ్లు. మన దేశపు లెక్కలో ఇది పరుగే. మొదటి నుంచీ వాడేవాడు, చేసేవాడు ఒకే మైదానంలో నిలబడితే పని ఇలా కదులుతుంది. ఎడారిలో ఒకసారి, మంచులో ఒకసారి కాల్చి చూడకుండా ఏ తుపాకినీ నమ్మవద్దు, మనదైనా సరే, పరాయిదైనా సరే.

ఇంత సంక్లిష్టమైన తుపాకి నేర్చుకునేసరికి నాలుగేళ్ల అగ్నివీరుడికి ఇంటికి వెళ్లే రోజు వస్తుంది. దాని గురించి కూడా...

నిర్వాహకుడు

అగ్నిపథ్ మీద వేరే చర్చ నడుస్తోంది, హవల్దారు గారూ. దయచేసి అక్కడ రాయండి. ఇక్కడికి తెస్తే రేపటికి ఇనుమూ ఉండదు, ఇంజినూ ఉండదు, పార్టీలు మాత్రం ఉంటాయి.

రాజాం_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. ఇంజిను నా చేతిలో లేదు కానీ డ్రోను ఉంది. మా నలుగురం కలిసి సరుకు మోసే చిన్న డ్రోను చేస్తున్నాం. రక్షణ రంగంలో కొత్త ఆవిష్కరణలకు కేంద్రం పెట్టిన అయిడెక్స్ పథకం కింద కోటిన్నర రూపాయల దాకా గ్రాంటు వస్తుందని విన్నాను. మా ఫ్రేము మేమే చేశాం, సాఫ్ట్‌వేరు మేమే రాశాం. దీన్ని స్వదేశీ అనవచ్చా?

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

మోటారు ఎవరిది? ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు ఎవరిది?

రాజాం_కుర్రాడు

రెండూ ఆన్‌లైన్‌లో కొన్నాం సార్. చైనావి.

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

అయితే జాగ్రత్త తమ్ముడూ. చైనా విడిభాగాలున్నాయన్న కారణంతోనే 2025 ఫిబ్రవరిలో సైన్యం నాలుగు వందల డ్రోన్ల ఒప్పందాలు రద్దు చేసింది. బోర్డులో ఎవరి సంకేతం దూరి ఉందో తెలియని డ్రోను సరిహద్దులో ఎగిరితే శత్రువుకే చూపు ఇచ్చినట్టు. ముందు బోర్డు మార్చుకో. అది మీ వయసు వాళ్లు చేయగలిగిన పనే, బ్లేడు పోతపోయడమంత కష్టం కాదు. అయిడెక్స్‌లో నీకు నచ్చిన వస్తువు చేసి తీసుకెళ్లడం కంటే, సేనలు తమకు కావాలని ప్రకటించిన సమస్యల జాబితాలో ఒకటి ఎంచుకుంటే దారి సులువు. గ్రాంటు డబ్బు విడతలుగా, పని చూపిన కొద్దీ వస్తుంది. చేతిలో కొంత పెట్టుబడి లేకుండా దిగవద్దు.

కళింగపట్నం_కెరటం (శ్రీకాకుళం)

మోటారులో అయస్కాంతాన్ని విప్పి చూశారా? ఏ రకమో మా ప్రయోగశాలకు తెస్తే పరీక్షిద్దాం. వేడెక్కితే బలం ఎంత తగ్గుతుందో కొలిచి పట్టిక రాసుకోండి, ప్రాజెక్టు నివేదికలో అది ఎవరూ పెట్టరు.

లేతు_బొబ్బిలి

మోటారు గుల్ల, షాఫ్టు నా దగ్గర చేసిస్తాను. కూలి వద్దు, అల్యూమినియం కడ్డీ మీరే తెచ్చుకోండి. ఆదివారం షాపు మూసి ఉంటుంది, శనివారం మధ్యాహ్నం రండి. డ్రాయింగులో టాలరెన్సు రాసి తీసుకురండి. ‘సుమారుగా’ అని రాసిన కాగితం తెస్తే గేటు దగ్గరే తిప్పి పంపిస్తాను.

రాజాం_కుర్రాడు

వస్తాం సార్. బేరింగులు కూడా మీ దగ్గర దొరుకుతాయా?

లేతు_బొబ్బిలి

దొరుకుతాయి. మీద ఏ దేశం పేరున్నా ముందు మైక్రోమీటరు పెట్టి చూసుకోవడం నేర్పిస్తాను.